ఒకే ఖండం – ఎందుకింత తేడా?

ఆఫ్రికా దేశాలలో కోవిడ్ టీకాలు: మనం నేర్చుకోవలసిన పాఠాలు



మీ ఊరిలో రెండు వీధులు ఉన్నాయనుకోండి. రెండు వీధులకూ ఒకటే ఆరోగ్య ఉపకేంద్రం. టీకాలు వేసే ఏఎన్ఎం కూడా ఒక్కరే. అయినా ఒక వీధిలో పిల్లలందరికీ టీకాలు పూర్తవుతాయి. రెండవ వీధిలో సగం మందికి కూడా పూర్తి కావు. మందులో తేడా లేదు, సూదిలో తేడా లేదు. మరి తేడా ఎక్కడ ఉంది? ఈ ప్రశ్ననే ఒక ఖండం మొత్తానికి వేసి చూద్దాం.

ఆఫ్రికా ఖండం మధ్యభాగంలో రువాండా, బురుండి అనే రెండు దేశాలు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ కొండల దేశాలు. రెండూ చిన్నవి, పేదవి. రెండింటిలోనూ కోటికి పైగా జనం ఉన్నారు. ఒకరి భాష మరొకరికి దాదాపుగా అర్థమవుతుంది. కాని కోవిడ్ టీకాల విషయంలో ఈ ఇరుగుపొరుగు మధ్య తేడా చూడండి. 2022 చివరికి రువాండాలో ప్రతి పదిమందిలో ఏడుగురికి టీకా పూర్తయింది. అదే సమయానికి బురుండిలో నూటికి ఒక్కరికి కూడా పూర్తి కాలేదు. ఇంకొంచెం ఉత్తరాన ఉన్న ఎరిత్రియా దేశంలో టీకాల కార్యక్రమం అసలు మొదలే కాలేదు.

సరిహద్దు గీతకు ఇటు పుట్టిన వృద్ధురాలికి రక్షణ దొరికింది. అటు పుట్టిన వృద్ధురాలికి దొరకలేదు. ఇది ఎందుకు జరిగిందో తెలుసుకుంటే, మన ఊరికీ మన ఇంటికీ పనికివచ్చే పాఠాలు చాలా ఉన్నాయి.

టీకా శాతం అంటే ఏమిటి?

ముందుగా ఒక చిన్న లెక్క నేర్చుకుందాం. ‘ఈ దేశంలో 30 శాతం మందికి టీకా అయింది’ అని చదివినప్పుడు మనం ఒక ప్రశ్న అడగాలి. ఎవరిలో 30 శాతం? మొత్తం జనాభాలోనా? లేక టీకాకు అర్హులైన వారిలోనా?

వెయ్యిమంది ఉన్న ఒక గ్రామాన్ని తీసుకోండి. అందులో 18 ఏళ్ళ లోపువారు 450 మంది, పెద్దలు 550 మంది. పెద్దలలో 300 మంది టీకా వేయించుకున్నారు. మొత్తం జనాభా లెక్కన ఇది 30 శాతం. పెద్దల లెక్కన దాదాపు 55 శాతం. గ్రామం ఒకటే, టీకాలు అవే, కాని అంకె మారిపోయింది.

ఆఫ్రికా విషయంలో ఈ లెక్క చాలా ముఖ్యం. ప్రపంచంలో అందరికంటే చిన్న వయసు జనం ఉన్న ఖండం అదే. అక్కడి జనాభాలో దాదాపు సగం మంది ఇరవై ఏళ్ళు నిండనివారు. కోవిడ్ టీకా మొదట పెద్దలకే ఇచ్చారు. కనుక పిల్లలు ఎక్కువగా ఉన్న దేశాలలో మొత్తం జనాభా శాతం తక్కువగా కనబడడం సహజం. అయినా ఈ ఒక్క కారణంతోనే తేడా అంతా వివరించలేము. రువాండాలోనూ బురుండిలోనూ పిల్లలు ఎక్కువే కదా!

మరొక సంగతి. శాతం ఎంత అన్నదే కాదు, ఆ శాతంలో ఎవరు ఉన్నారన్నది కూడా చూడాలి. కోవిడ్ వలన ఎక్కువ ప్రమాదం వృద్ధులకు, మధుమేహం, గుండెజబ్బు వంటివి ఉన్నవారికి, రోగుల మధ్య పనిచేసే ఆరోగ్య సిబ్బందికి. వీరికి టీకా అందకపోతే, పెద్ద అంకె ఉన్నా ప్రయోజనం తగ్గిపోతుంది.

మొదటి కారణం: టీకా సరైన సమయానికి అందలేదు

టీకాలు అన్ని దేశాలకూ న్యాయంగా అందాలని కోవాక్స్ అనే అంతర్జాతీయ పథకాన్ని ఏర్పాటు చేశారు. దాని ద్వారా మొట్టమొదట టీకాలు అందుకున్న దేశం పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా. 2021 ఫిబ్రవరి 24న 6 లక్షల డోసులు అక్కడికి చేరాయి. ఆ డోసులు ఎక్కడ తయారయ్యాయో తెలుసా? మన దేశంలో, పుణె నగరంలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో. మనం వేయించుకున్న కోవిషీల్డ్ టీకాయే అది.

అయితే 2021 మార్చి, ఏప్రిల్ నెలలలో మన దేశంలో రెండవ అల విరుచుకుపడింది. ఆక్సిజన్ సిలిండర్ల కొరకు, ఆసుపత్రిలో మంచం కొరకు మనం పడిన పాట్లు ఎవరూ మరచిపోలేరు. మన ప్రజలకే టీకా చాలని పరిస్థితిలో ఎగుమతులు ఆగిపోయాయి. కోవాక్స్‌కు మన దేశం నుండి టీకాలు తిరిగి వెళ్ళడం మొదలైంది ఆ ఏడాది నవంబరు చివరలో మాత్రమే. దానితో ఎన్నో ఆఫ్రికా దేశాలలో మొదటి డోసు వేయించుకున్నవారు రెండవ డోసు కొరకు నెలల తరబడి ఎదురుచూశారు.

మరొకవైపు కొన్ని ధనిక దేశాలు తమ జనాభాకు కావలసిన దానికంటే ఎన్నో రెట్లు డోసులకు ముందుగానే ఒప్పందాలు చేసుకున్నాయి. ఆఫ్రికా తాను వాడే టీకాలలో దాదాపు 99 శాతం బయటి నుండే తెచ్చుకుంటుంది. సొంతంగా వండుకోలేనివాడు పొరుగింటి పొయ్యి వైపు చూడక తప్పదు. పొరుగింట్లోనే కరువు వస్తే ఇక అతని గతి ఏమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి దేశానికీ మూడు లక్ష్యాలు పెట్టింది. 2021 సెప్టెంబరు చివరికి 10 శాతం, ఆ ఏడాది చివరికి 40 శాతం, 2022 మధ్యకు 70 శాతం. మొదటి లక్ష్యాన్ని ఆఫ్రికాలోని 54 దేశాలలో 15 మాత్రమే అందుకున్నాయి. రెండవ లక్ష్యాన్ని అందుకున్నవి ఏడే. 2021 ముగిసేసరికి ప్రపంచం మొత్తం మీద దాదాపు సగం మందికి టీకా పూర్తికాగా, ఆఫ్రికాలో పదింట ఒకరికి కూడా పూర్తి కాలేదు.

రెండవ కారణం: డోసు వచ్చినా, చేతికి చేరలేదు

విమానాశ్రయంలో దిగిన టీకా ఎవరినీ కాపాడదు. మనిషి భుజంలోకి వెళ్ళిన టీకాయే కాపాడుతుంది. ఈ రెండింటి మధ్య దూరం చాలా ఎక్కువ.

మలావి దేశానికి 2021 మార్చి చివరలో కొన్ని టీకాలు విరాళంగా అందాయి. అవి చేరేసరికి వాటి గడువు మూడు వారాలు కూడా లేదు. అంత తక్కువ సమయంలో అన్నీ వేయడం సాధ్యపడలేదు. ఆ ఏడాది మే నెలలో 19,610 డోసులను అందరూ చూస్తుండగా కాల్చివేశారు. గడువు దాటిన మందు తమకు వేయబోరని ప్రజలకు నమ్మకం కలిగించడం కొరకే ఆ పని బహిరంగంగా చేశారు. నైజీరియాలోనూ ఇదే జరిగింది. గడువు దగ్గరపడిన టీకాలు విరాళంగా రావడంతో 2021 డిసెంబరులో 10 లక్షలకు పైగా డోసులను నాశనం చేయవలసి వచ్చింది. అందుకే ఆఫ్రికా ఆరోగ్య సంస్థలు, కోవాక్స్ కలిసి ఆ నవంబరులోనే ఒక విన్నపం చేశాయి: మాకు ఇచ్చే టీకాకు కనీసం పది వారాల గడువు ఉండాలి, వచ్చే సంగతి ముందుగా చెప్పాలి.

టీకాను చల్లగా ఉంచడం మరొక సమస్య. కోవిషీల్డ్ వంటి టీకాకు 2 నుండి 8 డిగ్రీల చల్లదనం చాలు. మన ఆరోగ్య కేంద్రంలోని ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటర్ సరిపోతుంది. ఫైజర్ టీకాను ఎక్కువకాలం నిలవ ఉంచాలంటే సున్నాకు దిగువన 70 డిగ్రీల దాకా చల్లదనం కావాలి. కరెంటు నిలకడగా లేని చోట, రోడ్డు లేని ఊళ్ళలో ఇది ఎంత కష్టమో మీరే ఊహించండి.

మూడవ కారణం: పెద్దల మాట

టాంజానియా దేశాన్ని చూడండి. అక్కడి అధ్యక్షుడు జాన్ మగుఫులి కోవిడ్ తమ దేశంలో లేదన్నారు, టీకాలను అనుమానించారు. 2021 మార్చిలో ఆయన మరణించారు. ఆ తరువాత అధ్యక్షురాలైన సామియా సులుహు హసన్ 2021 జూలై 28న ప్రజలందరి ముందు తాను టీకా వేయించుకుని కార్యక్రమాన్ని ప్రారంభించారు. అయినా అప్పటికే నాటుకున్న అనుమానం ఒక్కరోజులో పోలేదు. 2022 మొదట్లో కూడా అక్కడ టీకా పూర్తయినవారు చాలా తక్కువ. అప్పుడు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళారు. ఊరి పెద్దలను, మత పెద్దలను కలుపుకొన్నారు. 2023 నాటికి దాదాపు సగం జనాభాకు టీకా పూర్తయింది. నాయకుని మాట తలుపు మూయగలదు, మళ్ళీ తెరవనూ గలదు. కాని తెరవడానికి ఎక్కువ సమయం పడుతుంది.

బురుండిలో ఇటువంటి మలుపు ఆలస్యంగా వచ్చింది. 2021 ఫిబ్రవరిలో అక్కడి ఆరోగ్య మంత్రి తమకు ఇప్పుడే టీకా అవసరం లేదని, వ్యాధి సోకినవారిలో ఎక్కువమంది కోలుకుంటున్నారని చెప్పారు. టీకాలు మొదలైంది 2021 అక్టోబరులో. అప్పటికి ఎనిమిది నెలలుగా ‘అవసరం లేదు’ అన్న మాట విన్న ప్రజలు ముందుకు రాలేదు.

కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో మరొక విధంగా జరిగింది. 2021 మార్చిలో 17 లక్షల డోసులు వచ్చాయి. ఐరోపాలో కొందరికి టీకా తరువాత రక్తం గడ్డకట్టిందన్న వార్త విని, కార్యక్రమాన్ని ఏప్రిల్ దాకా వాయిదా వేశారు. ఆ జాప్యంలో ప్రజల అనుమానం పెరిగింది. గడువు తీరకముందే దాదాపు 13 లక్షల డోసులను ఇతర దేశాలకు పంపివేయవలసి వచ్చింది.

రువాండా ఎలా చేయగలిగింది?

రువాండా ధనిక దేశం కాదు. కాని ముందే సిద్ధపడిన దేశం. 2011లోనే ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కాన్సరును నిరోధించే హెచ్‌పీవీ టీకాను దేశమంతటా ప్రవేశపెట్టి, తొంభై శాతానికి పైగా బాలికలకు అందించింది. ఊరూరా ఆ ఊరివారే ఎన్నుకున్న ఆరోగ్య కార్యకర్తలు ఉన్నారు. ఎవరి ఇంట్లో ముసలివారు ఉన్నారో, ఎవరు గర్భిణియో వారికి తెలుసు.

కోవిడ్ టీకా రాకముందే ఆ దేశం అతిశీతల ఫ్రీజర్లు సమకూర్చుకుంది. అందుచేత కోవాక్స్ ద్వారా ఫైజర్ టీకాను ఆఫ్రికాలో మొదటగా అందుకోగలిగింది. 2021 మార్చి 5న పెద్ద ఎత్తున టీకాలు వేయడం మొదలైంది. కొద్దిరోజులకే అధ్యక్షుడు పాల్ కగామే టీకా వేయించుకున్నారు. కొండప్రాంతాలకు రక్తాన్ని చేరవేయడానికి 2016 నుండి వాడుతున్న డ్రోన్లను టీకాలు చేరవేయడానికి కూడా వాడారు.

అన్నీ మెచ్చుకోదగినవే అనలేము. 2021 డిసెంబరులో బస్సు ఎక్కాలన్నా టీకా ఉండాలనే నిబంధన పెట్టారు. బలవంతం చేస్తున్నారన్న విమర్శలూ వచ్చాయి. ఆ నియమం రాకముందే లక్షలమంది ఇష్టంగా వరుసలో నిలబడ్డారన్నది కూడా నిజం. నియమం కంటే నమ్మకమే ముందు పనిచేసింది.

చిన్న దీవుల అనుభవం

హిందూ మహాసముద్రంలోని సీషెల్స్, మారిషస్ దీవులు ఆఫ్రికా దేశాలే. మారిషస్‌లో మన తెలుగువారి సంతతి నేటికీ ఉంది. 2021 జనవరిలో మన దేశం మారిషస్‌కు లక్ష డోసులు, సీషెల్స్‌కు 50 వేల డోసులు కానుకగా పంపింది. జనాభా తక్కువ, ఆరోగ్య కేంద్రాలు దగ్గర, పర్యాటకులు రాకపోతే బ్రతుకుదెరువు లేదు. అందుచేత అవి వేగంగా పని ముగించి 70 శాతం దాటాయి. 2022 చివరికి ఆ లక్ష్యం చేరిన కొద్ది ఆఫ్రికా దేశాలలో ఈ రెండింటితో పాటు రువాండా, లైబీరియా కూడా ఉన్నాయి.

సీషెల్స్ మనకు మరొక పాఠం చెబుతుంది. 2021 మే నెలకు అక్కడ 60 శాతానికి పైగా జనానికి టీకా పూర్తయింది. అయినా ఆ నెలలోనే కేసులు బాగా పెరిగాయి. ‘చూశారా, టీకా పనిచేయలేదు’ అని కొందరు అన్నారు. కాని ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవారిలో ఎక్కువమంది టీకా పూర్తికానివారే. గొడుగు వేసుకున్నా చినుకులు కాళ్ళ మీద పడతాయి. అంతమాత్రాన గొడుగు పారవేయము కదా!

పాత గాయాలు, పాత విజయాలు

ప్రజలు టీకాను అనుమానించినప్పుడు వారిని తెలివితక్కువవారని అనుకోవడం పొరపాటు. నైజీరియా ఉత్తర ప్రాంతమైన కానోలో 1996లో పిల్లలపై జరిగిన ఒక మందు పరీక్ష చేదు జ్ఞాపకంగా మిగిలింది. 2003లో అక్కడ పోలియో చుక్కలను నిలిపివేయడానికి అటువంటి అనుమానాలు కూడా కారణమయ్యాయి. ఆగిన ఆ నెలలలో పోలియో ఎన్నో దేశాలకు మళ్ళీ పాకింది. పెద్దలతో ఓపికగా మాట్లాడి, వారికి నమ్మకమున్న ఇండోనేషియా నుండి చుక్కలమందు తెప్పించిన తరువాత 2004లో కార్యక్రమం తిరిగి మొదలైంది. ఆ ఓపికకు ఫలితంగా 2020 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫ్రికా ప్రాంతాన్ని సహజ పోలియో వైరస్ లేనిదిగా ప్రకటించింది.

మెనింజైటిస్ అనే మెదడు పొరల వాపు సంగతి కూడా వినండి. ఆఫ్రికాలో ఎండాకాలం వచ్చిందంటే ఈ జబ్బుకు వేలమంది బలయ్యేవారు. దానిలో ‘ఏ’ రకానికి పుణెలోనే చవకైన టీకా తయారుచేసి, 2010 డిసెంబరులో బుర్కినా ఫాసోలో ప్రారంభించారు. తమ కళ్ళ ముందు బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు మైళ్ళకొద్దీ నడిచి వచ్చారు. ఆ రకం జబ్బు నేడు దాదాపు కనుమరుగైంది. ఆఫ్రికా ప్రజలకు టీకా అంటే ఇష్టం లేదన్న మాట నిజం కాదని దీనివలన తెలుస్తుంది. తమకు కావలసిన టీకా, కావలసిన సమయానికి, తెలిసిన మనిషి చేతి మీదుగా వస్తే ప్రజలు వస్తారు.

కోవిడ్ టీకా విషయంలో ఈ సమయం తప్పింది. భయం ఉన్నప్పుడు టీకా లేదు. 2022లో టీకా సమృద్ధిగా వచ్చేసరికి భయం తగ్గిపోయింది. కూలి మానుకుని క్యూలో నిలబడే అవసరం జనానికి కనబడలేదు.

అపోహలు – వాస్తవాలు

అపోహ: పేద దేశం కనుక టీకా శాతం తక్కువ.
వాస్తవం: పేదరికం ఒక కారణమే. కాని రువాండా పేద దేశమైనా ముందుంది. ముందస్తు ఏర్పాటు, నమ్మకం కూడా అంతే ముఖ్యం.

అపోహ: టీకా వేసుకున్నవారికి కూడా జబ్బు వచ్చింది, కనుక టీకా వృథా.
వాస్తవం: ఈ టీకా ముఖ్యంగా తీవ్రమైన జబ్బునుండి, మరణం నుండి కాపాడుతుంది. జలుబు, జ్వరం పూర్తిగా రావని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అపోహ: ఒక డోసు తప్పిపోతే ఇక వేయించుకుని లాభం లేదు.
వాస్తవం: సాధారణంగా మొదటి నుండి మళ్ళీ మొదలుపెట్టనక్కరలేదు. మిగిలిన డోసు వేయించుకోవచ్చు. మీ డాక్టరును లేదా ఏఎన్ఎంను అడగండి.

మనం చేయవలసినవి

కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. కోవాక్స్ పథకం ఆ ఏడాది చివరితో ముగిసింది. కాని తట్టు, కంఠసర్పి, ధనుర్వాతం ముగిసిపోలేదు. తరువాతి మహమ్మారి ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుచేత:

1. ఈరోజే మీ పిల్లల టీకా కార్డు తీసి చూడండి. తట్టు–రుబెల్లా టీకా 9 నెలలు నిండాక ఒకటి, 16 నుండి 24 నెలల మధ్య మరొకటి వేయించాలి. 5 ఏళ్ళకు డీపీటీ బూస్టరు, 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు టీడీ ఇంజక్షను మరచిపోవద్దు.

2. ఇంట్లోని వృద్ధులను, దీర్ఘకాలిక జబ్బులున్నవారిని మొదట గుర్తుంచుకోండి. వారికి ఏ టీకాలు అవసరమో డాక్టరును అడగండి.

3. అనుమానం ఉంటే దాచుకోకండి, అడగండి. అడిగినవారిని ఎగతాళి చేయకండి. సమాధానం దొరకని ప్రశ్నే పుకారుగా మారుతుంది.

4. మీరు ఊరి పెద్ద, ఉపాధ్యాయుడు, సంఘ నాయకురాలు అయితే మీ మాటకు విలువ ఉందని గుర్తించండి. తెలియని విషయాన్ని ‘తెలియదు, కనుక్కొని చెబుతాను’ అనండి.

5. మీ ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలతో మామూలు రోజులలోనే పరిచయం పెంచుకోండి. ఆపద వచ్చినప్పుడు కొత్తగా నమ్మకం పుట్టించడం కష్టం.

ఆలోచించండి – చర్చించండి

1. మీ వీధిలో టీకా పూర్తికాని పిల్లలు ఎవరైనా ఉన్నారా? కారణం ఏమిటి? దూరమా, కూలి పోతుందనా, భయమా?

2. రువాండా, బురుండి దేశాల మధ్య తేడాకు మీకు తోచిన ముఖ్య కారణం ఏది?

3. టీకా విషయంలో మీ ఇంటివారు ఎవరి మాట నమ్ముతారు? ఆ మనిషికి సరైన సమాచారం అందుతున్నదా?

పటం మీద అంకెలుగా కనబడేవారంతా ఒక తల్లికో తండ్రికో పుట్టిన బిడ్డలే. నూటికి ఒకటి అంటే మిగిలిన తొంభైతొమ్మిది మంది ఎవరో ఒక ఇంటివారే. మన వీధిలో ఆ మిగిలిపోయినవారు ఎవరో చూసి, ఈ వారమే వారి తలుపు తట్టండి.